వంకరుంటే ఏమైతది?

ఆషాఢం రాగానే ఫోన్ నిండా బోనాలే. కంప్యూటర్ తయారుచేసిన శుభాకాంక్షల బొమ్మల్లో కుండలన్నీ ఒకే కొలత, దీపాలన్నీ ఒకే ఎత్తు, వేపమండలు కూడా లెక్కపెట్టి కట్టినట్టు. ఎత్తుకున్న ఆడవాళ్ల ముఖాన చెమటచుక్క కనిపించదు. చినుకుల్లో, తోపులాటలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిదాకా నడిచివచ్చే మనిషికి నుదుటి పసుపు చెంపమీదికి కారకుండా ఎట్లా ఉంటుంది? నిజం ఫొటో తీసినా అదే తంతు. కెమెరా అడక్కుండానే ఆ చారను చెరిపేసి, ముఖాన్ని నున్నగా చేసి చేతిలో పెడుతుంది.

నునుపు మీద నాకేం పగ లేదు. 1874లో మొదలైన సికింద్రాబాద్ స్టేషన్‌కు ఇప్పుడు సుమారు 700 కోట్ల రూపాయలతో కొత్త రూపు ఇస్తున్నారు. అందుకోసం 2025లో పాత ముఖద్వార భవనాన్ని కూల్చినప్పుడు నా మనసూ చివుక్కుమంది. కానీ మోకాళ్ల నొప్పుల ముసలావిడ రేపు లిఫ్టెక్కి ప్లాట్‌ఫాం చేరితే అంతకంటే ఏం కావాలి? లోపం కనబడ్డ ప్రతిచోటా దండం పెట్టే వేదాంతం నాకు పడదు. పగిలిన ఫుట్‌పాత్‌లో అందం వెతికేవాడు రాత్రిపూట దానిమీద నడిచి ఉండడు.

ఏ లోపాన్ని ఉండనివ్వాలి, దేన్ని దిద్దాలి అన్న ఈ చిక్కుముడిని మోండా మార్కెట్ దగ్గర కుండలమ్మే ఒక అవ్వ నాకంటే సులువుగా విప్పింది. బోనానికని ఒక్కో కుండనూ తిప్పి చూస్తున్నాను. ఒకదాని మూతి ఓ పక్కకు ఒరిగింది. ఇంకోదాని కడుపుమీద, ఆవంలో పొగ తగిలినచోట, అరచేయంత నల్లమచ్చ. కుమ్మరి చెక్కతో తట్టిన ఎగుడుదిగుళ్లు వేలికి తెలుస్తున్నాయి. నా వాలకం చూసి అవ్వ, “వంకరుంటే ఏమైతది బిడ్డా? పగులు సూస్కో” అని నల్లమచ్చ కుండను వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. పక్కదాన్ని కొట్టింది. మోగలేదు. నేను అడక్కముందే దాన్ని తీసి వెనక పెట్టేసింది.

వంకర అనేది చెయ్యి వదిలిన గుర్తు. పగులు అనేది కుండ పనికే చేటు. మనం రెండింటినీ ఒకే గాటన కట్టి, వంకర దిద్దడానికే తంటాలు పడుతున్నాం. పగులు కంటికి ఆనకపోతే చాలనుకుంటున్నాం.

ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టుకలోనూ హంగేమీ లేదు. 1813లో కలరా జనాన్ని ఊడ్చుకుపోతుంటే, ఉజ్జయినిలో సైనిక దళంతో ఉన్న డోలీ బోయీ సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో ఇక్కడ చెక్క విగ్రహం నిలిపాడని చెప్తారు. ఉన్నంతలో తీర్చుకున్న మొక్కు.

బోనాల మర్నాడు, సోమవారం, రంగం. అమ్మవారి మాట పలికే మాతంగి పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంది. పచ్చికుండ అంటే ఆవం ముఖం చూడనిది, నీళ్లు పడితే మళ్లీ మట్టయ్యేది. నైవేద్యం తెచ్చే బోనానికి కాలిన కుండ కావాలి. అమ్మ పలకడానికి మాత్రం పచ్చిదే కావాలి. దీనికి శాస్త్రం చెప్పేవాళ్లు చెప్పనీ, నన్ను పట్టి నిలిపేది ఆ పలుకుల తీరు. పూజలు సరిగ్గా చేయడం లేదని అమ్మ తరచూ కోప్పడుతుంది. పూజారులు చేతులు జోడించి, తప్పులుంటే మన్నించమంటారు. 2014 నుంచి ఇది రాష్ట్ర పండుగ. పట్టువస్త్రాలు, బారికేడ్లు, టీవీల లైవ్. ఇంత ఆర్భాటం నడుమ కూడా, చేసిన పండుగలో వెలితి ఉందని పదిమంది ముందూ చెప్పించుకునే పూట ఒకటి మిగిలింది. అవ్వ కుండను కొట్టి చూసినట్టే ఇదీ. ఏ కంపెనీ వార్షికోత్సవంలో ఇలాంటి అంశం ఉంటుంది చెప్పండి?

ఇత్తడి బోనాలు, స్టీలు బోనాలు ఈమధ్య బాగా పెరిగాయి. పగలవు, ఏటా కొనే పని లేదు. ఎత్తుకునేవాళ్లను తప్పుపట్టను. మట్టికుండే కొనేవాళ్లకు మాత్రం ఒక మాట. కొట్టి చూడండి, నీళ్లు పోసి చూడండి, మోగకపోతే వద్దనండి. గుండ్రంగా లేదని పది రూపాయలు తగ్గించమని మాత్రం అడగకండి.