అంచనా తప్పితే మాట తప్పినట్టా?

స్ప్రింట్ ప్లానింగ్‌లో, అంటే రాబోయే కొద్ది వారాల పనిని ఎంచుకునే సమావేశంలో, చెప్పిన అంచనా తప్పితే, చెప్పినవాడు అబద్ధమాడినట్టేనా? మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ జట్లను నడిపే నాకిది నిజంగా ధర్మసందేహమే. కాదనే నా నమ్మకం. ఆ ధైర్యం నాకు మా నాన్నగారు పాఠం చెప్పిన తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర గ్రంథం ఇచ్చింది. అది రాసిన అన్నంభట్టు తెలుగువాడే.

కొండ మీద పొగ చూసి నిప్పుందనుకోవడం తర్కంలో సరైన అనుమానం, అంటే కనబడే హేతువును బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండాలంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. ఇలా మరుగున ఉండే షరతునే తార్కికులు ఉపాధి అన్నారు.

మా అంచనాల్లోనూ ఇలాంటి ఉపాధులు దాగి ఉంటాయి. జేమ్స్ గ్రెనింగ్ 2002లో పరిచయం చేసిన ప్లానింగ్ పోకర్ అనే అంచనా పద్ధతిలో, పని ఎంత పెద్దదో చెప్పే అంకెల కార్డులు అందరూ ఒక్కసారే తిప్పుతారు, సీనియర్ చెప్పిన అంకె వెంట జూనియర్లు పోకుండా. ఒకసారి రిఫండ్ పనికి అందరూ 3 వేశారు. పేమెంట్ పని అంతలోనే అయింది, ఇదీ అలాంటిదేగా అని వాళ్ల హేతువు. కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం 13 వేసింది. ఎందుకమ్మా అంటే, "రిఫండ్ టెస్ట్ చేయాలంటే బ్యాంకు వాళ్ల సర్వర్ కావాలండీ, అది వారానికోసారే ఇస్తారు" అంది. తడికట్టె ఆమె కంటికే కనబడింది!

ఉపాధులన్నీ ఎప్పటికీ తెలియవు కనుక అంచనాలే వద్దనేవాళ్లూ ఉన్నారు. చార్వాకులూ అనుమానాన్ని అలాగే తోసిపుచ్చారు. నేనొప్పుకోను. శంకకూ ఒక హద్దుందన్నాడు తార్కికుడు ఉదయనుడు. పొగ కావలసినవాడు సందేహిస్తూ కూర్చోడు, నిప్పు రాజేస్తాడు. డబ్బు పెట్టేవాడికీ ఏదో ఒక లెక్క చెప్పాలి కదా.

నా బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించి. ఆ అంకె ఎక్సెల్ షీట్‌కెక్కి తేదీ అవుతుంది, క్లయింట్ దగ్గర ప్రమాణమవుతుంది, చివరికి అప్రైజల్‌లో నేరమవుతుంది. ఒకసారి దెబ్బ తిన్న కుర్రాడు మరుసటి స్ప్రింట్‌లో మనసులో 3 అనుకుని పైకి 8 అంటాడు. అసలు అసత్యం పుట్టేది అక్కడ, దాన్ని పుట్టించింది మనం. ఈ స్ప్రింట్ల పద్ధతికి నియమావళి అయిన స్క్రమ్ గైడ్‌ను 2011లో సవరించినప్పుడు అది కూడా, స్ప్రింట్‌కు తీసుకున్న పనంతా పూర్తిచేస్తామని జట్టు మాటివ్వనక్కర్లేదని, ముందస్తు అంచనా చెబితే చాలని తేల్చింది.

మేనేజర్లకు నా విన్నపం ఒకటే. అంచనా తప్పినప్పుడు ఎవరు తప్పారని అడగకండి, ఏ షరతు మన కంటపడలేదో అడగండి.