బయట అంటే ఎక్కడ?

మొన్న సంక్రాంతి వెళ్ళాక మా వంటింట్లో చిమ్నీ పెట్టించుకున్నాం. ఇన్నేళ్ళుగా పోపు వేసినప్పుడల్లా దగ్గుతూ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వంట చేసినదాన్ని. మీట నొక్కగానే ఘాటంతా సుయ్యిమని పైకి లాగేస్తుంటే, పుట్టింటివాళ్ళు పిలిచి పట్టుచీర పెట్టినంత సంబరమైంది. ఆ సంబరం సరిగ్గా నాలుగు రోజులు. అయిదో రోజు పొద్దున్నే పక్కింటావిడ తలుపు తట్టింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ! మీ చిమ్నీ గొట్టం మా బాల్కనీలోకి తెరుచుకుంది. మీరు మిరపకాయలు వేయిస్తే మా మామగారు తుమ్మలేక చస్తున్నారు. ఆరేసిన బట్టలన్నీ నూనె కంపు."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పొద్దూ, ఆ గొట్టం ఎక్కడికి పోతుందని నేను ఒక్కసారీ అడగలేదు. బిగించిన అబ్బాయి "పొగంతా బయటికి పోతుందమ్మా" అన్నాడు. బయటికే గదా, ఇంకేం అనుకున్నాను.

చిత్రమేమిటంటే, ఆ రాత్రే కాలిఫోర్నియా నుంచి మా అక్క కొడుకు ఫోన్లో కనబడ్డాడు. అక్కడ అప్పుడే తెల్లవారింది. కొత్తగా కొన్న కారు చూపించాలని వాడి తాపత్రయం. పేరు మిరాయ్. జపాను భాషలో భవిష్యత్తు అని అర్థంట. టయోటావాళ్ళు 2014 డిసెంబరులో జపానులో అమ్మకానికి పెట్టిన హైడ్రోజన్ కారు అది. మన గడ్కరీగారు 2022 మార్చి 30న పార్లమెంటుకు వచ్చింది కూడా ఆ రకం కారులోనే.

మావాడు స్టీలు గ్లాసు పట్టుకుని కారు వెనకాల గొంతుక్కూచున్నాడు. లోపలున్న కోడలిని ఏదో మీట నొక్కమన్నాడు. కారు కిందనుంచి నీళ్ళు ధారగా కారాయి.

"చూశావా పిన్నీ! పొగ లేదు, మసి లేదు. నా కారు వదిలేది నీళ్ళే!"

"అయితే తాగరా నాన్నా" అన్నాను.

వాడు గ్లాసు వంక ఒకసారి చూసి, నవ్వేసి, గుమ్మం ముందున్న గులాబీ మొక్కకు పోశాడు.

ఆ కారులో జరిగేది మంట కాదు. ట్యాంకులో ఒత్తిడిమీద నింపిన హైడ్రోజన్, బయటి గాలిలోని ఆక్సిజన్ ఒక పలచని పొరకు అటూ ఇటూ చేరి కలుస్తాయి. ఆ కలయికలో పుట్టిన కరెంటు చక్రాలను తిప్పుతుంది. మిగిలేది నీరు. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల నీరు వస్తుంది, లెక్క అంతే. ఆ కిలోతో కారు సుమారు 100 కిలోమీటర్లు పోతుంది. నీళ్ళలో కొంత ఆవిరై పోతుంది, కొంత చుక్కలుగా రాలుతుంది. ఇంటి షెడ్డులోకి వెళ్ళాక నేల తడిసి జారకుండా, వాకిట్లోనే ఒంపేసుకునేందుకు ఆ మీట పెట్టారు. చలిదేశాల్లో నీరు గొట్టంలోనే గడ్డకట్టే బెడద కూడా ఉంది గనుక, కారు ఆపేముందు లోపలి తడి ఊదేసే ఏర్పాటు ఉంటుంది. అప్పుడప్పుడూ నీళ్ళతోబాటు కాస్త హైడ్రోజన్ కూడా బయటపడుతుంది. గాలిలో దాని పాలు 4 శాతం దాటితే నిప్పు అంటుకుంటుంది, అందుకని బాగా గాలి కలిపి పలచన చేసి వదులుతారు. మన పెరట్లో తూము పెట్టుకున్నంత జాగ్రత్తగానే చేశారన్నమాట.

మీకు తెలుసో లేదో, పెట్రోలు కారు కూడా నీళ్ళు వదులుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పోతుంది. చలికాలం పొద్దున సైలెన్సర్ చివర టపటపా రాలే చుక్కలు అవే. కాని దానితోబాటు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు కూడా పోతుంది. అది కంటికి కనబడదు, మనకు పట్టదు.

ఇక్కడే నాకు పక్కింటావిడ గుర్తొచ్చింది. "ఒరే, నీ కారులో పోసే హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తుందిరా?" అని అడిగాను.

"బంకునుంచి పిన్నీ."

"బంకుకు?"

వాడు కాసేపు తల గోక్కున్నాడు. ఇంజనీరే, తెలియక కాదు. ప్రపంచంలో ఇవాళ తయారయ్యే హైడ్రోజన్‌లో చాలా భాగం సహజవాయువు నుంచీ, బొగ్గు నుంచీ వచ్చేదే. సహజవాయువును నీటి ఆవిరితో కలిపి కాగబెట్టి కిలో హైడ్రోజన్ తీస్తే, ఆ ఫ్యాక్టరీ దగ్గర 9, 10 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. బొగ్గునుంచి తీస్తే దాదాపు రెండింతలు. అలాంటి హైడ్రోజన్ పోయిస్తే కారు మాత్రం నీళ్ళే వదులుతుంది. దాని పొగగొట్టం ఎక్కడో మరో ఊళ్ళో ఉంటుంది.

కెనడాలో ఒక ముచ్చట జరిగింది. 2010లో అక్కడ శీతాకాలపు ఒలింపిక్స్ ఆడినప్పుడు విస్లర్ అనే కొండ ఊళ్ళో 20 హైడ్రోజన్ బస్సులు తిప్పారు. మంచుకొండల మధ్య పొగలేని బస్సులు! చూడముచ్చటగానే ఉండి ఉంటుంది. ఆ హైడ్రోజన్ జలవిద్యుత్తుతో చేసిందే, ఆ మాటా ఒప్పుకోవాలి. కాని అది దేశానికి ఆ కొసన ఉన్న క్యూబెక్ నుంచి రావాలి. 4 వేల కిలోమీటర్ల పైచిలుకు దారి, డీజిల్ లారీల మీద! బస్సులో కూర్చున్నవారి ముక్కుకు సోకని పొగను ఆ దారిపొడుగునా ఉన్న ఊళ్ళవాళ్ళు పీల్చారు. ఖర్చుకూ తట్టుకోలేక 2014లో ఆ బస్సులు ఆపేశారు.

ఇదంతా విని హైడ్రోజన్ కారు వట్టి బూటకమని నేను అంటున్నానని అనుకోకండి. నాలుగురోడ్ల కూడలిలో రోజంతా నిలబడే పోలీసు, సిగ్నలు దగ్గర మల్లెపూలమ్మే పిల్ల, బడి రిక్షాలో కూర్చున్న పసివాళ్ళు వీళ్ళ ముక్కుల దగ్గర పొగ తగ్గడం చిన్న మేలేమీ కాదు. పైగా సహజవాయువు హైడ్రోజన్ అయినా, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు 100 కిలోమీటర్లకు వదిలే 15 కిలోలకంటే అది తక్కువే. మా అమ్మ కట్టెల పొయ్యి ఊదీ ఊదీ యాభయ్యో ఏటికే ఆయాసం తెచ్చుకుంది. పొగను మనిషికి దూరంగా నెట్టడం పాపమని ఆవిడ కూతురుగా నేనెలా అంటాను?

నన్ను పీడించిన ప్రశ్న వేరు. ఎంత దూరం నెట్టవచ్చు?

చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల్లో కరెంటు ఇలాంటి హైడ్రోజన్ పెట్టెలనుంచే వచ్చింది. వాటిలోంచి కారిన నీళ్ళనే వ్యోమగాములు తాగారు. ఆ నీళ్ళలో హైడ్రోజన్ బుడగలు చేరి కడుపుబ్బరంతో అవస్థ కూడా పడ్డారట పాపం. మావాడు గ్లాసెడు నీళ్ళు మొక్కకు పోశాడు. వాడికి వాకిలి ఉంది, మొక్క ఉంది. వాళ్ళకు గోడ అవతల పెరడు లేదు, పక్కిల్లూ లేదు. మనకు మాత్రం ఎప్పుడూ ఒక 'బయట' ఉంటుంది. ఆ బయట ఇంకొకరి ఇల్లని తెలిసేది వాళ్ళు వచ్చి తలుపు తట్టినప్పుడే.

సహజవాయువు, బొగ్గు వద్దు, ఎండతోనూ గాలితోనూ పుట్టిన కరెంటుతో నీటినే విడగొట్టి హైడ్రోజన్ తీద్దామని 2023 జనవరిలో మన ప్రభుత్వం పెద్ద పథకం పెట్టుకుంది. 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు తీయాలని సంకల్పం. మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసింది అందుకే. రోజుకు 1500 టన్నులు లక్ష్యమట. మంచిదే, సంతోషమే. కాని ఆడదాన్ని గదా, నీళ్ళ మాట వస్తే ముందు బిందెలే లెక్కపెడతాను. కిలోకు 9 లీటర్లు వచ్చినట్టే, కిలో తీయడానికీ తక్కువలో తక్కువ 9 లీటర్లు పోయాలి. 1500 టన్నులంటే రోజుకు కోటీ 35 లక్షల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలైతే 9 లక్షలు! పక్కనే సముద్రం ఉంది, ఉప్పునీటిని శుద్ధి చేసుకోవచ్చు. అప్పుడు మంచినీరు పోగా మిగిలిన చిక్కటి ఉప్పునీరు ఉంటుంది. దాన్ని బహుశా బయటికే పంపుతారు. పూడిమడక జాలరుల ఊరు. వాళ్ళకు బయట అంటే సముద్రమే. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగే ఆడమనిషికి ఏదైనా నష్టమొస్తే, ఆవిడ ఎవరి తలుపు తట్టాలి? కాలిఫోర్నియాలో కారు వెనక గ్లాసు పట్టుకున్న మావాడి లాంటివాళ్ళ తలుపు ఆవిడకు దొరుకుతుందా?

పక్కింటావిడకు నా తలుపు దొరికింది. చేతికందే దూరంలో ఉంది గనుక నాకు సిగ్గేసింది. అదే ఆ గొట్టం నాలుగు వీధుల అవతల తెరుచుకుని ఉంటే, నేను హాయిగా రోజూ మిరపకాయలు వేయిస్తూనే ఉండేదాన్ని కాదూ?

మావారితో ఈ మాటే అంటే, "చిమ్నీ పెట్టించమని ప్రాణం తీశావు, ఇప్పుడు దానికి వేదాంతం కూడానా?" అన్నారు. అని ఊరుకోలేదు, బిగించిన అబ్బాయిని మళ్ళీ పిలిపించారు. గొట్టం పొడిగించి డాబా మీదికి తిప్పుదామన్నాడతను. డాబా మీద మూడో అంతస్తు మామ్మగారు వడియాలు ఆరబెడతారు. కుదరదన్నాను.

"అయితే గొట్టం పీకేసి బొగ్గు ఫిల్టరు పెట్టేస్తానమ్మా. ఘాటంతా అదే పీల్చేసుకుంటుంది, ఎవరింట్లోకీ పోదు. కొన్ని నెలలకోసారి కొత్తది వేసుకుంటే చాలు."

ఇదేదో బాగుందనిపించింది. కాస్త ఖర్చయితే అయింది, మన ఘాటు మనింట్లోనే ఉంటుంది. వెంటనే పెట్టేయమని చెప్పి, అతనికి కాఫీ ఇస్తూ అడిగాను, "అవునుగాని బాబూ, పాత ఫిల్టరు ఏం చెయ్యాలి?"

"దానికేముందమ్మా," అన్నాడు గ్లాసు అందుకుంటూ, "బయట పడెయ్యడమే."