పనిచేసి చదువుకొనుట దాస్యమా?

జెద్దా నగరమందలి షరఫియాలో శుక్రవారపు సాయంకాలమున మన భాష వినబడును. సెలవునాడు అచట కలసికొను తెలుగు కూలీలలో జగిత్యాల ప్రాంతపువాడొకడు నన్నిట్లడిగెను: "సారూ, మా పోరన్ని ఊళ్లె ఒక పనిబడిల ఏయుమంటున్రు. ఫీజు లేదట. పొద్దంత వడ్లపని చేసి సదువు తీర్సుకోవాల్నట. నేను అగ్రిమెంటుల పడ్డది సాలదా?"

పాఠక మహాశయులారా, ఆ మాటయే తోటలలో గిరిమిటైనది. 1860 నవంబరు 16న మదరాసు నుండి ట్రూరో ఓడ దర్బాను రేవు చేరినది మొదలు మన పెద్దలు చెరకుతోటలలో చెమటోడ్చిరి. పనికి కొరత లేదు, బడియే అరుదు. కావున పేద బాలునిచే పని చేయించి చదువు చెప్పుదుమనువారిని మనము శంకించుట సహజమే.

అయినను జోహాన్నెస్‌బర్గు చెంత 1910లో వెలసిన టాల్‌స్టాయ్ క్షేత్రమును తలంపక తప్పదు. కాలెన్‌బాకు 1,100 ఎకరముల భూమిని అద్దె లేకుండ ఇచ్చెను. సత్యాగ్రహుల కుటుంబములు అచట నివసించెను. వారిలో ఆంధ్రులును ఉండిరి. పిల్లలు గోతులు త్రవ్విరి, చెట్లు నరికిరి, బరువులు మోసిరి. కాలెన్‌బాకు మారియన్‌హిల్ మఠమున నేర్చివచ్చిన చెప్పుల పనిని గాంధీగారు తాము నేర్చి ఇతరులకు నేర్పిరి. పాఠములు మధ్యాహ్న భోజనానంతరము. ఉదయపు శ్రమచే శిష్యులే కాదు, గురువులును కునుకుచు కండ్లకు నీళ్లు చల్లుకొనెడివారు. అలసిన దేహమునకు అక్షరమెక్కుట కష్టమే; దీనిని దాచనేల?

కాని అచట ఒక నియమముండెను: గురువు చేయని పనిని శిష్యునిచే చేయింపరాదు. తోటలోని సర్దారు ఎన్నడైన కత్తి పట్టి చెరకు నరికెనా?

1937 నాటి వార్ధా పథకమున పిల్లల చేతిపనియే ఉపాధ్యాయుని జీతమునకు ఆధారము కావలెనని గాంధీగారి ఆశ. ఆ పథకమును రూపొందించిన జాకిర్ హుస్సేన్ సంఘమే, రాబడి మీది దృష్టి విద్యను మింగివేయవచ్చునని హెచ్చరించెను. చిత్రిక పట్టుట నేర్చిన బాలునికి పిదప తలుపు చేయుట నేర్పుదురా, లేక గిరాకి యున్నదని ఏడాది పొడుగున చిత్రికయే పట్టింతురా? నాకు తోచినంతవరకు పాఠశాలకును కార్ఖానాకును భేదము ఇచటనే తేలును.

నడుమ విడిచిపోవు బాలుని గతి యేమి? నేటాలులో తోట విడిచిన కూలీకి చట్టము చెరసాల చూపెడిది.

ఈ మూడు సంగతులను బడివారిని అడుగుమని అతనికి చెప్పితిని. అతడు కొంతసేపు మిన్నకుండి, "నన్ను దెచ్చిన ఏజెంటును గిట్ల ఒక్కటన్న అడగకపోతి సారూ" అనెను. పిదప ఇంటికి ఫోను చేయుటకై ప్రక్కకు పోయెను.