పలక వెనుకటి పని

ఎవరును చూడని పనిని ఎవరి కొఱకు చక్కగా చేయవలెను? ఈ ప్రశ్న మిగుల పాతది. దైవము చూచుచున్నాడని కొందఱును, మనస్సాక్షి చూచుచున్నదని కొందఱును సమాధానము చెప్పుదురు. ఆ రెండింటిని కాదనక, వానికంటె చేరువలో నున్న సమాధాన మొకటి కలదని చూపుటకు లౌకికమైన యుదాహరణము నొకదానిని గైకొనుచున్నాను. అది మోటారు హోమను బండియొక్క డ్యాష్‌బోర్డు పలకను ఊడదీసి, అందలి విద్యుత్తు సాకెట్లకు తీగలు మార్చుట. ఇట్టి మరపని ధర్మవిచారమునకు తగునా యని చదువరులు సందేహింపవచ్చును. పురాణములలోని సత్యవ్రతుల కంటె మన యింటి ఫ్యూజుపెట్టెయే మన సత్యమును ఎక్కువగా పరీక్షించుచున్నదని నా తలంపు.

మోటారు హోమనగా చక్రములపై నడచు ఇల్లు. అమెరికాలో అయోవా రాష్ట్రమందలి ఫారెస్టు సిటీయను ఊర విన్నెబాగో సంస్థ 1966వ సంవత్సరమున వీనిని పెద్దయెత్తున తయారుచేయ నారంభించిన పిమ్మట ఇవి అనేక కుటుంబములకు అందుబాటులోనికి వచ్చెను. పడక, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది సమస్తమును ఒక్క బండిలోనే యుండును. అచ్చట స్థిరపడిన మన తెలుగువారిలోను సెలవుదినములలో దీనిని అద్దెకు దీసికొని పిల్లలతో అడవులు, కొండలు చూడబోవువారు కలరు.

ఈ బండి తఱచుగా ఇద్దఱి చేతిపని. చట్రమును, ఇంజనును ఫోర్డు వంటి మోటారు సంస్థ చేయును. దానిపై ఇంటిని వేఱొక సంస్థ కట్టును. అందుచేత దానిలో విద్యుత్తు సంసారములును రెండు. ఇంజనును కదలించు బ్యాటరీ యొకటి. దీపములకు, నీటిపంపునకు, ఇంటి యవసరములకు వేఱొకటి. రెండును సాధారణముగా 12 వోల్టులవే. డ్రైవరు ముందఱ నున్న సాకెట్టు, పూర్వము సిగరెట్టు ముట్టించుకొనుటకై యేర్పడి నేడు ఫోనులకు ప్రాణాధారమైన ఆ చిన్న గుంట, పెక్కు బండ్లలో ఇంజను బ్యాటరీకి చెందియుండును. కొన్నిటిలో తాళపుచెవి తీయగానే అది మూగవోవును. మఱికొన్నిటిలో రాత్రియంతయు పనిచేసి, తెల్లవాఱుసరికి ఇంజను కదలకుండునంతగా బ్యాటరీని పీల్చివేయును. కావున యజమాని ఆ సాకెట్టును ఇంటి బ్యాటరీకి మార్చుకొన దలచుట న్యాయమైన కోరికయే.

పలకను విప్పు హక్కు ఆతనికి కలదా? కలదు. అమెరికాలో 1975వ సంవత్సరపు మాగ్నుసన్-మాస్ చట్టము, తన సొంత గుర్తుగల భాగములనే వాడినగాని హామీ చెల్లదని నిబంధించుటను తయారీదారునకు సామాన్యముగా నిషేధించినది. 2012లో మాసచూసెట్స్ రాష్ట్రపు ఓటరులు మోటారుబండ్ల మరమ్మతు హక్కును తామే ఓటు వేసి సాధించిరి. ఈ విషయమున నాకు వాదము లేదు. చదువుకొన్నవాడు స్క్రూడ్రైవరు పట్టుట చిన్నతనమని యెంచు మన యిండ్లలోని దురభిమానమును జూచిన, ఈ హక్కును ఇంకను గట్టిగా సమర్థింప బుద్ధిపుట్టును. చేతిపనిని ఒక తెగవారికి విడిచి, ఆ తెగవారిని హీనముగా జూచి, పిదప వారు సరిగా పనిచేయలేదని నిందించుట మనకు చిరకాలపు టలవాటు.

ఐతే హక్కు పలక ఊడువఱకే. ఊడిన తరువాత బాధ్యత మొదలగును. ముందుగా బండికి బయటినుండి వచ్చు కరెంటును, పైకప్పున సూర్యఫలకములున్నచో వానిని, విడదీయవలెను. పిమ్మట రెండు బ్యాటరీలను విడదీయవలెను. ఒకదాని ఋణధ్రువమును విప్పి, అన్ని తీగలును చల్లబడినవని నమ్ముట కద్దు. రెండవ సంసారము పలక వెనుక సజీవముగానే యుండును. పసుపుపచ్చని తొడుగుగల తీగలు కనబడినచో అవి సాధారణముగా గాలిసంచులవి. వాని జోలికి పోరాదు. పలకను పట్టియుంచు ప్లాస్టికు కొక్కెములు, విశేషించి చలికాలమున, పెళుసై యుండును. బలము చూపిన విఱుగును. మరుగున నున్న మరలను వెదకి తీసిన, పలక దానంతట నదియే వదలును. తొందరపడువారి కిది మంచి వ్రతము.

ఇక అసలు సంగతి. 12 వోల్టులనగా చేయి తగిలినను ప్రమాదము లేదు గదా యని జనుల నమ్మకము. పొడి చేతికి సాధారణముగా తాకుడు తెలియదను మాట నిజమే. కాని అగ్నికి మన చేతితో పనిలేదు. 120 వాట్ల పరికరమునకు మన యింటి 230 వోల్టులలో అర ఆంపియరునకు కొంచెము మించి చాలును. 12 వోల్టులలో 10 ఆంపియర్లు కావలెను. తీగలో ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగింతలగును. వదులుగా మెలిపెట్టి, పైన టేపు చుట్టిన యొక్క అతుకు చాలును, నిప్పు పుట్టుటకు. ఆ నిప్పు పుట్టుచోట పరుపులు, కఱ్ఱపలకలు, గ్యాసుబండ, ఇంధనము, నిద్రించు పిల్లలు, సమస్తమును ఒకే బండిలో నున్నవి.

ఫ్యూజు సాకెట్టులో పెట్టిన పరికరమును రక్షించునని పలువు రనుకొందురు. అది ముఖ్యముగా రక్షించునది తీగను. అమెరికా కొలతలో 14వ సంఖ్య తీగకు సాధారణముగా 15 ఆంపియర్ల ఫ్యూజును, అంతకంటె సన్నమైన 16వ సంఖ్య తీగకు 10 ఆంపియర్ల ఫ్యూజును వేయుదురు. అదియు సాకెట్టు చెంత కాదు, బ్యాటరీ చెంత. ఏలనన బ్యాటరీకి ఫ్యూజునకు నడుమ నున్న తీగకు ఏ రక్షణయు లేదు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నప్పుడు 30 ఆంపియర్లది తెచ్చి పెట్టినచో, ఆ క్షణమున సాకెట్టు పనిచేయును, ఇంటివారు సంతోషింతురు, పలక మూయబడును. మన యూళ్ళలో పింగాణి ఫ్యూజులో లావు రాగితీగ చుట్టి కరెంటు వచ్చినదని మురియుటయు ఇదియే. లోభము చేతనో మోసబుద్ధి చేతనో ఇట్లు చేయువారు తక్కువ. విసుగు చేత చేయువారే యెక్కువ. దొంగతనమును నిందించుటకు మనకు నీతిగ్రంథము లెన్నియో కలవు. విసుగు చేసిన కీడును నిందించుటకు మాత్రము మనకు మాటయే లేదు.

"నా బండి, నా తీగ, నన్నడుగువా రెవరు?" అను వాదమును ఇచ్చట పరీక్షింపవలెను. బండి ఆతనిదే. కాని దానిలో నిదురించు భార్యాబిడ్డలు ఆతని సొత్తు కారు. అంతేకాక బండి చేతులు మాఱును. కొనువాడు చక్రములు చూచును, ఇంజను శబ్దము వినును, కప్పు కాఱుచున్నదేమో తట్టి చూచును. పలక వెనుక చూడడు, చూడలేడు. ఇతరులు పరీక్షింపగల పనిలో మనకు కావలిగా వారి చూపు కలదు. పరీక్షింపలేని పనిలో వారి నమ్మకము తప్ప వారికేమియు లేదు. కావున మొదట నడిగిన ప్రశ్నకు నాకు దోచు సమాధానము: ఆ పలకను మఱల విప్పబోవు మనుష్యుని కొఱకు. ఆతడు పరోక్షముననే యున్నాడు గాని కల్పితుడు కాడు. బండి మరమ్మతునకు వచ్చినను, అమ్ముడుపోయినను, ఒకనాడు స్క్రూడ్రైవరు చేతబట్టుకొని దీపము వేసికొని అందు తల దూర్చును. ఎఱ్ఱతీగ చోట నల్లతీగ వాడియున్నచో, ఆతని చేతికి మన యబద్ధము తగులును. మాటలతో చెప్పని యబద్ధము అబద్ధము కాదని వాదించు పండితులను ఆ చీకటిగూటి ముందఱ కూర్చుండబెట్ట వలెనని నాకు తోచుచుండును.

పనివాని చేత చేయించినను ఈ ఋణము తీఱదు. పలక మూయకముందు చూపుమని యడుగు యజమానులు అరుదు. అడిగినచో పనివానికి అవమానమని కొందఱందురు. చక్కగా చేసినవాడు చూపుటకు సంతసించును. ఆతని నైపుణ్యమును చూచువారు లేకపోవుటయే ఆతనికి అసలైన యవమానము.

చేయవలసినది స్వల్పము. తీగ ఇనుపరేకు రంధ్రము గుండ పోవుచోట రబ్బరు వలయము నుంచుట, అతుకును సరియైన తొడుగుతో నొక్కి లాగి చూచుట, తీగకొక చిన్న చీటి కట్టుట. ఆ చీటిపై ఏ బ్యాటరీనుండి వచ్చినది, ఫ్యూజు ఎచ్చట నున్నది, ఎన్ని ఆంపియర్లు, ఏ తేదీన మార్చినది వ్రాయవలెను. పాత తీగను కోసి లోపలనే వదలినచో దాని కొనకు తొడుగు వేసి, ఆ సంగతియు వ్రాయవలెను. దీని నకలు బండి కాగితములతో నుంచిన, అమ్ము దినమున కొనువానికి చూపవచ్చును. ఆ కాగితమును చూచి ఆతడు సందేహించి వెల తగ్గించి యడుగవచ్చును. అడుగనిండు. పలక విప్పి చూపుటకు పది నిమిషములు చాలును.