ఏలీయా నిద్ర

జగిత్యాలలో ఒక బిడ్డకు తండ్రి గల్ఫులోనున్నాడు. కోరుట్లలో ఒకతెకు తల్లి బీడీలు చుట్టును. సిరిసిల్లలో ఒకనికి తండ్రి రాత్రియంతయు మరమగ్గమునొద్ద నిలుచును. వారట్లు కష్టపడగా, చదువుకొను తాము కడుపునిండ తిని నిద్రించుట స్వార్థము కాదా అని ఈ పిల్లలు మనలను అడుగుచున్నారు.

మంచి మనసున పుట్టిన ప్రశ్నయే. అయితే ఏలీయా బదరీవృక్షము క్రింద చావు గోరినప్పుడు (1 రాజులు 19) దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును పెట్టించెను, మరల పండుకొననిచ్చి మరల తినిపించెను. ఆయన ప్రశ్న వేసినది 40 దినముల ప్రయాణము తరువాతనే! మన పెద్దలు కొందరు ముందే వేయుదురు.

ఈ యీడు పిల్లలకు రాత్రి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులందురు. 2019లో ఇంటరు ఫలితముల పిమ్మట తెలంగాణలో పలువురు పిల్లలను పోగొట్టుకొంటిమి. దిగులు ముదిరినవారితో టెలి మానస్‌వారు 14416 ఫోనులో రేయింబవళ్లు ఉచితముగా మాటలాడుదురు. సంఘపెద్దలు ఈ సంఖ్యను మందిరపు తలుపునొద్ద వ్రాసిపెట్టవలెను.