సింహాలు సర్దుకున్నాయి

కెన్యాలోని లైకిపియాలో నల్లరేగడి నేలల మీద మైళ్ళ కొద్దీ దాదాపు ఒకే జాతి చెట్టు. మన తుమ్మకి చుట్టం. దాని ముళ్ళ మొదట్లో బోలు బుడిపెలుంటాయి, వాటిలో చీమలు కాపురముంటాయి. అవి తొలిచిన కన్నాల మీదుగా గాలి వీస్తే చెట్టు ఈల వేస్తుంది. చీమలకి చెట్టు ఇల్లిస్తుంది, తేనెలాంటి తీపినీ పెడుతుంది. ఏనుగు తొండం చాపితే చీమలు ముక్కులోకి దూరి కుడతాయి. అంత ఏనుగూ వెనక్కి తగ్గుతుంది.

దీన్ని స్నేహమనడానికి నాకు మనసొప్పదు. ఏనుగులూ జిరాఫీలూ రాకుండా పదేళ్ళు కంచె వేసి చూశారు, 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. చెట్లు తీపి తగ్గించేశాయి, బుడిపెలూ తగ్గించేశాయి. తినేవాళ్ళు లేనప్పుడు కాపలాకి జీతమెందుకు? తమాషా ఏంటంటే, ఆ పొదుపుతో చెట్లేమీ బాగుపడలేదు. కాపలా చీమలు బలహీనపడ్డాయి, కాండం తొలిచే పురుగులతో పొత్తున్న మరో చీమజాతి పెరిగింది. కంచె లోపలి చెట్లే నెమ్మదిగా ఎదిగాయి, ఎక్కువగా చచ్చిపోయాయి. స్నేహం కాకపోయినా తెగితే ప్రాణం పోయే బంధాలుంటాయన్నమాట.

ఈ శతాబ్దం మొదట్లో అక్కడికి పెద్దతల చీమలు వచ్చాయి. ప్రపంచమంతా మనుషుల సరుకుల్లో తిరిగే జాతి ఇది. కాపలా చీమల్ని గుడ్లతో సహా చంపి తింటాయి, కాపలా మాత్రం కాయవు. అవి చేరిన చోట ఏనుగులు చెట్లని 5 నుంచి 7 రెట్లు ఎక్కువగా విరిచేశాయి. చెట్లు పోయాక సింహానికి చాటు పోయింది. జీబ్రాకి దూరం నుంచే అన్నీ కనబడతాయి. 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఓల్ పెజెటాలో సింహాలు చంపిన జంతువుల్లో జీబ్రాల వాటా 2003లో 67 శాతం, 2020కి 42. అడవిదున్నల వాటా సున్నా నుంచి 42కి పెరిగింది. సింహాల సంఖ్య మాత్రం తగ్గలేదు.

ఈ చివరి వాక్యం దగ్గర ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది. హమ్మయ్య, సర్దుకున్నాయి! నాకు ఆ మాటతోనే పేచీ. మనిళ్ళల్లో 'సర్దుకుపో' అని ఎవరికి చెబుతారో, దానివల్ల ఎవరికి తీరిక దొరుకుతుందో తెలిసిందే. ఇక్కడ సర్దుకున్నది సింహం, ప్రాణమిచ్చింది దున్న. పైగా దున్న జీబ్రా లాంటిది కాదు, కొమ్ములతో సింహాన్ని చంపగలదు. ఆ అపాయం తలల లెక్కలో కనబడదు. ఏదీ అంతరించలేదు కాబట్టి నష్టం లేదంటే నేనొప్పుకోను.

అలాగని చీమని దోషిగా నిలబెట్టలేను. అది చీమ పనే చేసింది. దాన్ని ఊళ్ళు దాటించిన సరుకులు మనవి. సింహానికి కనీసం వేట మార్చుకునే వీలుంది. ఏనుగు రావడం చూసి చెట్టు ఎటు పోతుంది?