మాటకు అర్థం పుట్టుకతోనా, వాడుకతోనా

నామాలన్నీ క్రియాధాతువుల నుండే పుట్టాయని శాకటాయనుడు వాదించగా, అన్నీ అలా పుట్టలేదని గార్గ్యుడు కాదన్నట్టు యాస్కుని నిరుక్తం చెబుతుంది. వేదపదాల వ్యుత్పత్తిని, అంటే ఏ మాట ఏ ధాతువు నుండి ఎలా ఏర్పడిందో వివరించే ఆ గ్రంథంలోని ఈ తగవు వ్యాకరణంతో ముగిసేది కాదు. శబ్దార్థాల సంబంధం నిత్యమని మీమాంసకులు, అది సంకేతమాత్రమని నైయాయికులు వాదించుకున్నది దీని గురించే, గ్రీసులో ప్లేటో క్రాటిలస్ అనే సంభాషణ రాసిందీ దీని గురించే.

బాపట్ల భావనారాయణస్వామి గర్భగుడి ముందు నిలిచిన భక్తుడు చూసేది విగ్రహం, కోరేది అనుగ్రహం, భయపడేది ఆగ్రహానికి. మూడింటిలోనూ ఉన్నది పట్టుకోవడమనే అర్థమిచ్చే 'గ్రహ్' ధాతువే, ముందు చేరిన ఉపసర్గలే వేరు. లాటిన్‌లో 'కాపెరె' అన్నా పట్టుకోవడమే. ఇంగ్లీషులోని రిసీవ్, యాక్సెప్ట్, కాన్సెప్ట్ అనే మాటలు దానికి ఉపసర్గలు చేరగా వచ్చినవే. అయితే రూపం, దయ, కోపం అనే మూడు అర్థాలను ఆ ధాతువొక్కదాన్నే చూసి ఎవరూ ఊహించలేరు.

ఆ ఊళ్లోనే 1945లో ఏర్పడిన వ్యవసాయ కళాశాల పేరు ఇంతకన్నా లోతైన సంగతి చెబుతుంది. ఇంగ్లీషులోని అగ్రికల్చర్‌కు మూలం లాటిన్. అందులో 'అగెర్' అంటే పొలం, 'కుల్తూరా' అంటే సాగు, ఆ కుల్తూరా పుట్టిన 'కొలెరె' క్రియకు సాగుచేయడం, నివసించడం, ఆరాధించడం అనే అర్థాలు ఉండడం వల్ల పొలాన్ని సాగుచేసే కల్చర్, దేవుణ్ణి కొలిచే కల్ట్ తోబుట్టువులయ్యాయి. తెలుగు పేరు కథ వేరు. సంస్కృతంలో వ్యవసాయమంటే నిశ్చయం, పూనిక. భగవద్గీత 2వ అధ్యాయం 41వ శ్లోకంలో ఆ మాట ఈ అర్థంలోనే వచ్చింది. సేద్యానికి 18వ అధ్యాయంలో వాడిన మాట కృషి, అది దున్నడమనే 'కృష్' ధాతువు నుండి పుట్టింది. తెలుగు వాడుకలో ఇవి చోట్లు మార్చుకుని, పూనికకు కృషి, సేద్యానికి వ్యవసాయం స్థిరపడ్డాయి. కృష్ణా కాలువల కింద మోకాలి లోతు బురదలో వరి నాటించే రైతుకు ఇందులో వింత తోచదు, పూనిక లేనిదే పైరు చేతికి రాదు గనుక. వాడుక చేసిన ఈ మార్పు తప్పు కాదు గానీ, దాన్ని మరచి గీత చదివేవారు నిశ్చయబుద్ధి ఉన్నచోట సేద్యాన్ని వెతుక్కోవలసి వస్తుంది.

మూలాలు సంస్కృతంలోనే ఉండనక్కర లేదు. రేపల్లె అనే మాటకు పాత రూపం వ్రేపల్లె, అంటే గొల్లల పల్లె, గోపికలు వ్రేతలు. వ్రాయు రాయు అయినట్టే ఇదీ మారింది.

పలికే మాటకు అర్థం తెలియాలా అన్న ప్రశ్న పెళ్లిపీటల దాకా వచ్చింది తెనాలిలో. అక్కడ సూతాశ్రమంలో నివసించిన హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో వివాహవిధిని కూర్చి, పెళ్లిళ్లు జరిపించారు. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుని వాదాన్ని ఖండించిన నిరుక్తంలోనే, అర్థమెరుగక వేదం వల్లించేవాణ్ణి బరువు మోసే మోడుతో పోల్చిన మాట ఉంది కనుక, ఈ ఒక్క విషయంలో ఆయనను యాస్కుని పక్షాన నిలబెట్టడమే న్యాయం. పాణిగ్రహణమంటే చేయి పట్టుకోవడం, విన్నదాన్ని గ్రహించడమూ ఆ ధాతువు పనే. తెలుగులో జరిగిన ఆ పెళ్లిళ్లలో వధూవరులకు ఈ రెండో గ్రహణానికి కూడా వీలు దొరికింది.